ముప్పైనాలుగు, లూజు రెండు

ఆ జిల్లాలో ఆత్మరక్షణ తూటాలను ఎదుటి మనిషి ఛాతీ కొలతను బట్టి ఇవ్వడం మొదలై నాలుగేళ్లయింది. కొలతలు తీసే బాధ్యతను ప్రభుత్వం దర్జీలకు అప్పగించింది. మొదట్లో జనం కొంచెం వింతగా చూశారు. రేషన్ షాపులో వేలిముద్ర పెట్టమన్న కొత్తలోనూ అలాగే చూశారు కాబట్టి ఎవరూ దాన్ని మనసులో పెట్టుకోలేదు.

దీనికంతటికీ మూలం ఒక కల్యాణమండపం. అక్కడ ఒకాయన ఆత్మరక్షణ కోసం తన బావమరిదిని కాల్చాడు. తూటా బావమరిదిలోంచి దూసుకుపోయి, వెనక సాంబారు బకెట్టుతో నిలబడి ఉన్న వంటమనిషికి తగిలింది. బావమరిది సంగతి ఎవరూ ప్రశ్నించలేదు, అది కుటుంబ విషయం. వంటమనిషి మాత్రం దరఖాస్తులో లేడు. దరఖాస్తులో లేని మనిషి పోతే ఫైలు ఎలా మూయాలో తెలియక మూడు శాఖలు ఏడాదిపాటు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకున్నాయి. చివరికి కమిటీ వేశారు.

కమిటీ శ్రద్ధగానే పనిచేసింది. సామాన్యులకు లైసెన్సు ఇచ్చేది బొడ్లోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టే చిన్న రివాల్వర్. దాని గొట్టం రెండంగుళాలు, గుండ్లు ఐదు. అంత పొట్టి గొట్టంలో తూటాకు ఊపు అందేలోపే బయటికొచ్చేస్తుంది. ముక్కు గుల్లగా ఉన్న తూటా ఒంట్లోకి దిగాక విచ్చుకుని అక్కడే ఆగాలి. ఊపు చాలకపోతే విచ్చుకోదు. చొక్కా బట్ట ఆ గుల్లలో కుక్కుకుంటే మేకులాగా అవతలికి పోతుంది. పోనీ మందు ఎక్కువ దట్టిద్దామంటే కాల్చినవాడి మణికట్టు బెణుకుతుంది, రెండో గుండు గోడకు తగులుతుంది. ఇదంతా రాసి, తప్పు రివాల్వర్‌ది కాదనీ, కాల్చేవాడికి ఎదుటి మనిషి మందం తెలియకపోవడమే అసలు లోపమనీ కమిటీ తేల్చింది. మనిషిని చూసి ఎంత బట్ట పడుతుందో చెప్పగలిగేవాడు ఊళ్లో దర్జీ ఒక్కడే. కాబట్టి దర్జీ.

తూటాలు ఇరవై ఎనిమిది నుంచి నలభైనాలుగు దాకా, రెండేసి అంగుళాల తేడాతో, జాకెట్ల మాదిరిగానే తయారై వచ్చాయి. సైజు సరిపోతే తూటా మనిషి లోపలే ఆగిపోతుంది. ఒక సైజు పెరిగితే వీపు చీల్చుకుని పోయి వెనకవాళ్లకు తగులుతుంది. ఒక సైజు తగ్గితే ఎముక దాటదు, మనిషి నాలుగు వారాలు మంచంలో ఉండి లేస్తాడు. ఈ పట్టికను ప్రతి టైలరు షాపులో, జాకెట్టు మెడల డిజైన్ల బొమ్మల పక్కన అంటించారు.

పాత బస్టాండు వెనక సందులో దస్తగిరి షాపులోనూ అంటించారు. దస్తగిరికి యాభై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లుగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నాడు. అతని కుట్టుకు పేరు రావడానికి కారణం అతని లూజు. ఏ కొలత రాసినా పక్కన చిన్నగా 'లూజు 2' అని రాసుకునేవాడు. అంటే ఆ రెండంగుళాల బట్ట కుట్టు లోపల మడిచి వదులుతాడన్నమాట. కాన్పు తర్వాత ఒళ్లు వచ్చినా, మందులు వాడి లావైనా, కుట్టు విప్పుకుంటే అదే జాకెట్టు ఇంకో నాలుగేళ్లు వస్తుంది. "మనిషన్నాక పెరగాల, ఊపిరి పీల్చాల. గుడ్డ అడ్డం పడకూడదు" అనేవాడు. ఊళ్లో ఆడవాళ్లు కొలత జాకెట్టు ఒకటి అతని దగ్గరే పడేసి వెళ్లేవారు. గోడకు కొట్టిన మేకులకు, పేర్ల చీటీలతో, వందకు పైగా పాత జాకెట్లు వేలాడుతుండేవి.

తూటా కావాలంటే 'ఎదుటి వ్యక్తి కొలత పత్రం' నింపాలి. దాని మీద ఎదుటి వ్యక్తి సంతకం ఉండాలి. సంతకానికి ఎవరూ మొరాయించేవారు కారు. మొరాయిస్తే మనసులో ఏదో ఉన్నట్టు కదా. పైగా అదొక హోదా అయింది. ఒక వార్డు మెంబరు తన మీద తీసుకున్న ముప్పైఏడు పత్రాల నకళ్లకు ఫ్రేములు కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. సంబంధాలు చూసుకోవడానికి వచ్చినవాళ్లకు వాటినే ముందు చూపించేవాడు.

వకుళ టీచరు దస్తగిరి షాపుకు ఆ పత్రంతో వచ్చింది మాఘమాసంలో. ఆమె జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. నలభై దాటాయి, మాట మెత్తన, చేతిరాత గుండ్రం. ఆ చేతిరాతతోనే ఆమె పైఅధికారులకు మూడు ఉత్తరాలు రాసింది, స్కూలు వంటగది శ్లాబులో సిమెంటు కన్నా ఇసుకే ఎక్కువగా ఉందని. మూడో ఉత్తరానికి జవాబు రాకముందే శ్లాబు కూలింది. మధ్యాహ్న భోజనం వండే ఆదెమ్మ దాని కింద పోయింది. కట్టింది కాంట్రాక్టరు చెన్నకేశవులు. కేసులో సాక్షి వకుళ టీచరు ఒక్కతే, ఎందుకంటే మిగతావాళ్లు ఆ రోజు సెలవులో ఉన్నామని రిజిస్టరు దిద్దుకున్నారు. చెన్నకేశవులు ఆమెను బజార్లో కలిసి, "పిల్లోల్ల మధ్య ఉండే మనిషివి, రోడ్డు దాటేటప్పుడు చూసుకోమ్మా" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. మరునాడే ఆమె లైసెన్సుకు అర్జీ పెట్టింది. మహిళా భద్రత పథకం కింద పదకొండు రోజుల్లో రివాల్వర్ వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, తూటాలు మాత్రం కొలత మీద ఆగాయి.

కొలత కోసం టీచరూ దస్తగిరీ కలిసి చెన్నకేశవులు ఇంటికి వెళ్లారు. ఆయన లేచి ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. దస్తగిరి టేపు తీస్తుంటే ఆయన చేతులు రెండూ పైకెత్తి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"చొక్కా ఇప్పాల్నా దస్తగిరీ?"

"వద్దు సార్. బయటికి పోయేటప్పుడు ఎట్ల ఉంటారో అట్లనే తీయాలని రూలు."

నలభై ఎనిమిది వచ్చింది. దస్తగిరి రెండోసారి కొలిచాడు. నలభై ఎనిమిదే. చెన్నకేశవులు సంతకం పెట్టి, పత్రాన్ని రెండు చేతులతో వకుళ టీచరుకు అందించాడు. గుమ్మం దాటేముందు ఆయన భార్య పిలిచి టీచరుకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. ఇంటికొచ్చిన ముత్తయిదువను వట్టి చేతులతో పంపకూడదు కదా. ఆ గుడ్డను టీచరు దారిలోనే దస్తగిరికిచ్చి, ఉగాదికి కుట్టమంది.

తూటాల కార్యాలయంలో గుమాస్తా ఉపేంద్ర పత్రం చూసి పెదవి విరిచాడు. "నలభైనాలుగు దాటితే మా దగ్గర స్టాకు ఉండదు మేడం. కమిటీ వాళ్లు రేషన్ కార్డుదారుల సగటు తీసి సైజులు చేసినారు. అంతకంటే పెద్దవాళ్ల మీద తూటా కావల్లంటే రాజధానికి ఇండెంటు పెట్టాల."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఇంతవరకు ఒకటీ రాలేదు మేడం. అందుకని చెప్పలేను."

ఆమె ఇండెంటు పెట్టింది. ఖాళీ రివాల్వర్‌ను చాక్‌పీసుల డబ్బాకూ టిఫిన్ బాక్సుకూ మధ్య పెట్టుకుని స్కూలుకు పోయి వచ్చేది. కోర్టులో సాక్ష్యం ఉగాది వెళ్లిన తర్వాతి గురువారం.

ఉగాదికి పది రోజుల ముందు దస్తగిరికి కార్యాలయం నుంచి ఇంకో పత్రం వచ్చింది. దరఖాస్తుదారు చెన్నకేశవులు. ఎదుటి వ్యక్తి వకుళ టీచరు. ఆమె దగ్గర రివాల్వర్ ఉంది కనుక తన ప్రాణానికి ముప్పు ఉందని ఆయన రాశాడు. అది నిజమే, రికార్డుల్లో ఉంది. సంతకం గడి దగ్గర ఒక సర్క్యులరు నకలు గుచ్చి ఉంది. ఎవరైనా తమ కొలత జాకెట్టును ఇష్టపూర్వకంగా దర్జీ దగ్గర వదిలి ఉంటే దాన్ని అంగీకారంగానే భావించవచ్చు, మనిషి రానక్కర్లేదు, దర్జీ ఆ జాకెట్టు చూసి రాస్తే చాలు. దస్తగిరి తల తిప్పి గోడ వైపు చూశాడు. మూడో వరస, కిటికీ పక్క మేకుకు, టీచరు ఎప్పుడో వదిలిపోయిన ఆకుపచ్చ జాకెట్టు.

ఆ పూటంతా మిషను తొక్కుతూనే ఆలోచించాడు. రాయనని చెప్పవచ్చు. చెబితే లైసెన్సు పోతుంది, పోతే పోనీ. కానీ వాళ్లు జాకెట్టు తీసుకుపోయి మెయిన్ రోడ్డు దర్జీకిస్తారు. వాడు ముప్పైఆరు అని ఉన్నదున్నట్టు రాస్తాడు. అదేదో తన చేతి మీదుగా జరిగితేనే ఆమెకు మేలని దస్తగిరి అనుకున్నాడు. ఆ జిల్లాలో చాలామంది చాలా పనులు ఇలా అనుకునే చేస్తుంటారు.

సాయంత్రం టీచరు జాకెట్టు సంగతి కనుక్కోవడానికి వస్తే ఆమెకు అంతా చెప్పాడు. దాచే మనిషి కాదు. ఆమె కుర్చీలో కూర్చుని పట్టిక వైపు కాసేపు చూసింది.

"ఎంత రాస్తావు దస్తగిరన్నా?"

"నీది ముప్పైఆరు. ముప్పైనాలుగు రాస్తా టీచరమ్మా. ఎముక దాటదు."

"నాలుగు వారాలు మంచంలో ఉండాలి."

"ఉండాల."

"ఇరవై రెండు రోజులు సెలవుంది నాకు. తక్కినవి సగం జీతం మీద పెట్టుకోవాలి." కాసేపు వేళ్ల మీద లెక్క వేసుకుంది. "జడ్జిగారు మంచం దగ్గరికొచ్చి సాక్ష్యం తీసుకుంటారంట. ఆదెమ్మ తరఫున ఎవరో ఒకరు చెప్పాలి కదన్నా. ఆ పొద్దు ఆమెను లోపలికి పోయి పొయ్యి ముట్టించమని పంపింది నేనే."

"నేను చూసుకుంటాలే తల్లీ. నువ్వు దిగులు పెట్టుకోవద్దు."

ఆమె లేచి, కొత్త జాకెట్టుకు చేతులు మోచేతి దాకా పెట్టమని చెప్పి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే దస్తగిరి ఆకుపచ్చ జాకెట్టును మేకు మీంచి తీసి బల్ల మీద పరిచాడు. టేపు పెట్టాడు. ముప్పైఆరు. పత్రం దగ్గరికి లాక్కున్నాడు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు కొలత రాయని మనిషి. బిస్మిల్లా అనుకుని, గడిలో ముప్పైనాలుగు అని రాశాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. తక్కిన గడులు గబగబా నింపి, కవరులో పెట్టి, ఐదు గంటలలోపే కార్యాలయం పెట్టెలో వేసి వచ్చాడు. ఇంటికి పోతూ దారిలో మల్లెపూలు కూడా కొన్నాడు. భార్య ఏం విశేషమని అడిగితే ఏమీ లేదన్నాడు.

ఆ గురువారం ఉదయం పదీ ఇరవైకి వకుళ టీచరు కొత్త జాకెట్టు వేసుకుని కోర్టు ముందు రోడ్డు దాటింది. మెట్ల దగ్గర చెన్నకేశవులు నిలబడి ఉన్నాడు. ఆమె తనవైపే నడుచుకుంటూ రావడం, చేతిలో హ్యాండ్‌బ్యాగు ఉండడం చూసి ఆయన తనను తాను రక్షించుకున్నాడు. ఒక్క గుండే. ఆమె వెనక మూడడుగుల దూరంలో శనక్కాయలమ్మే ముసలావిడ బండి పెట్టుకుని ఉంది. ఆమెకు గానీ, ఆమె శనక్కాయలకు గానీ ఏమీ కాలేదు.

దస్తగిరికి కబురు తెలిసి ఆసుపత్రికి పరిగెత్తాడు. నాలుగు వారాలకు ఏమేం కావాలో దారిపొడుగునా లెక్క వేసుకుంటూ పోయాడు. రాగిజావ, దిండు, ఎదురుగా గుండీలు పెట్టిన వదులు జాకెట్టు ఒకటి. వార్డులో ఆమె లేదు. ఇంకో గదిలో ఉందన్నారు. డ్యూటీ డాక్టరు అతన్ని గుర్తుపట్టి భుజం తట్టాడు.

"ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత బాగా చూడలేదయ్యా. తూటా వీపు చర్మం దాకా వచ్చి ఆగింది. వెనక బట్టకు చిల్లు కూడా పడలేదు."

దస్తగిరికి అర్థం కాలేదు. తూటా ఎముక దాటకూడదు కదా అన్నాడు. డాక్టరు అదంతా తన శాఖకు రాదన్నాడు. దస్తగిరి గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాడు. చిన్నపిల్లవాడు ఏడ్చినట్టు ఏడ్చాడు. అటుగా పోయేవాళ్లు దగ్గరి బంధువేమో అనుకుని పక్కకు తప్పుకుని నడిచారు.

పదిహేను రోజుల తర్వాత అతన్ని తూటాల కార్యాలయానికి పిలిచారు. తన అబద్ధం బయటపడి ఉంటుందనుకుని ధైర్యం తెచ్చుకుని వెళ్లాడు. తప్పు కొలత రాసినందుకు జైలైతే జైలే. కానీ ఉపేంద్ర ఎదురొచ్చి కుర్చీ వేశాడు. జిల్లాలో ఈ ఏడాది అతి కచ్చితమైన కొలతకు దస్తగిరి పేరు ఎంపికైందట, ప్రశంసాపత్రం ఇస్తారట.

"నేను సరిగ్గా రాయలేదు సార్. తక్కువ రాసినా."

"ఏం తక్కువ? ఇదిగో చూడు." ఉపేంద్ర ఫైలు తెరిచి పత్రం అతని ముందుకు తిప్పాడు. "మా దర్జీల్లో ఇంత పద్ధతిగా రాసేది నువ్వొక్కడివే దస్తగిరీ. కూడుకోవడం ఒక్కటే నా పని."

గడిలో అతని చేతిరాతే. ముప్పైనాలుగు. దాని పక్కన, చిన్నగా, లూజు రెండు.

ఇంతకుముందు అతను నింపిన పత్రాలన్నీ మగవాళ్లవి, ఎదురుగా నిలబెట్టి కొలిచినవి. వాటిలో ఎన్నడూ లూజు రాయలేదు. బల్ల మీద జాకెట్టు పెట్టుకుని పత్రం రాయడం అదే మొదలు. బుద్ధి ముప్పైనాలుగు రాసి ఊపిరి పీల్చుకుంటుంటే, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నలభై ఏళ్ల కింద నేర్చుకున్నది కూడా అంతే. మనిషికి ఊపిరాడాలని వదిలిన రెండంగుళాలు అవి.

దస్తగిరి ఆ అంకెల మీద వేలు పెట్టి కూడుకున్నాడు. ముప్పైఆరు. లేవబోతుంటే ఉపేంద్ర, ఫ్రేము తామే కట్టించి పంపుతామని చెప్పాడు.

సాక్షి లేనందువల్ల కేసు కొట్టేశారు. ఆషాఢంలో రాజధాని నుంచి ఇండెంటు సరుకు వచ్చింది. ఐదు తూటాలు, నలభై ఎనిమిది సైజు, వకుళ టీచరు పేరు మీద. జిల్లాలో ఆ సైజు రావడం అదే మొదటిసారి. దరఖాస్తుదారు లేదు కనుక కొలత తీసిన దర్జీని పిలిపించి, ఎదుటి వ్యక్తి కొలత ఇంకా అదేనా అని ధ్రువీకరించమన్నారు. దస్తగిరి మళ్లీ చెన్నకేశవులు ఇంటికి వెళ్లాడు. కేసు పోయిన నిశ్చింతలో ఆయనకు ఒళ్లొచ్చింది. యాభై ఉంది. తూటాలు వెనక్కి పోయాయి. గుమ్మం దగ్గర ఆయన భార్య, తన కొలత జాకెట్టు ఒకటి అతని షాపులో ఉన్నట్టు గుర్తు, వీలైతే తిరిగి పంపమని నెమ్మదిగా అడిగింది. అతను ఆ సాయంత్రమే పంపాడు.

ప్రశంసాపత్రాన్ని కార్యాలయం వాళ్లే వచ్చి గోడకు తగిలించి వెళ్లారు. మేకు ఖాళీగా ఉందని కిటికీ పక్క మూడో వరసలో తగిలించారు. దస్తగిరి వద్దనలేదు. ఆకుపచ్చ జాకెట్టును అతను అప్పటికే మడిచి మిషను సొరుగులో పెట్టుకున్నాడు.

ఆడవాళ్లు ఇక తన షాపుకు రారనుకున్నాడు. ఆ మాట భార్యతో కూడా అన్నాడు. కానీ శ్రావణం వచ్చేసరికి సందు చివరిదాకా వరస కట్టారు. కొందరు పక్క మండలాల నుంచి బస్సులెక్కి వచ్చారు. జాకెట్లు వదిలిపోయేవాళ్లు కొందరు, ఎదురుగా నిలబడి కొత్తగా కొలత ఇచ్చేవాళ్లు కొందరు. ఎవరి మొహంలోనూ భయం లేదు. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినట్టే ఉన్నారు.

ఆ వరసలో ఒకామె, ముప్పై ఏళ్లుంటాయేమో, ఎడమ కన్ను కింద పాత కమిలిన గుర్తు, టేపు ముందు నిలబడి చేతులు పైకెత్తింది.

"జాకెట్టుకామ్మా, పత్రానికా?" అని అడిగాడు దస్తగిరి.

"ఒగసారి రాసి పెట్టన్నా. రెండిటికీ పనికొస్తాది. మా ఆయన మొన్న రివాల్వర్‌కు అర్జీ పెట్టినాడు."

అతను ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు. ముప్పైరెండు. పుస్తకంలో రాసుకున్నాడు. పెన్ను దానంతట అదే పక్కకు జరగబోతుంటే, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపాడు.

"లూజు వదలాల్నామ్మా?"

నలభై ఏళ్లలో ఆ ప్రశ్నకు వద్దన్న ఆడమనిషి లేదు. ఆమె కొంచెం ఆలోచించింది.

"వద్దన్నా, సరిగ్గా రాయి. పిల్లోల్లు ఇద్దరూ ఎప్పుడూ నా కొంగు పట్టుకుని ఎనకాలే ఉంటారు."

దస్తగిరి పెన్ను మూసి, జాకెట్టు గురువారానికి వస్తుందని చెప్పాడు.